టెక్సాస్ నుంచి మిన్నెసోటాకు మకాం: అక్కడి చేపలు, జింకల వేట సంగతి అనుభవజ్ఞులు చెప్పగలరు

లావన్_గాలం
ప్లేనోలో తొమ్మిదేళ్లు కాపురం చేశాక, ఉద్యోగరీత్యా సెప్టెంబరు మొదటి వారంలో మిన్నెసోటాలోని రోచెస్టర్‌కు మకాం మారుస్తున్నాము. ఇక్కడ నా శనివారాలన్నీ లావన్ సరస్సులోను, ఏడాదికి నాలుగైదు సార్లు టెక్సోమాలోను గడిచాయి. చలికాలంలో ఒక మిత్రుడి లీజు భూమిలో మంచె మీద కూర్చుని, మొక్కజొన్న వెదజల్లే ఫీడరు దగ్గరకు వచ్చే జింకల కోసం, అడవిపందుల కోసం కాచుకునేవాణ్ణి. కారు నంబరు పలక మీదే పది వేల సరస్సులని రాసుకున్న రాష్ట్రానికి వెళ్తున్నందుకు సంతోషంగానే ఉంది గాని, కొన్ని సందేహాలు తీరడం లేదు. స్థానికుల ధరకు లైసెన్సు ఎన్నాళ్లకు ఇస్తారు? నా పదిహేడు అడుగుల పడవను వెంట తీసుకురావాలా, ఇక్కడే అమ్ముకోవాలా? మంచు మీద చేపలు పట్టడం మనబోటి వారికి సాధ్యమేనా? జింకల వేటకు భూమి ఎలా దొరుకుతుంది? నేను ఇంకా హెచ్-1బి మీదనే ఉన్నాను. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడుగుతోంది, అక్కడి చేప పులుసుకు పనికివస్తుందా అని.

సెయింట్‌క్లౌడ్_సుబ్బయ్య
మంచు ప్రశ్న ఒక్కదానికి నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే దాన్ని తొడల దాకా మునిగి నేర్చుకున్నాను. వచ్చిన మొదటి ఏడాది డిసెంబరు తొలిరోజుల్లో, ముందు వెళ్లినవారి అడుగుజాడలు కనబడుతున్నాయి కదా అన్న ధీమాతో సరస్సు మీదికి నడిచాను. ఒడ్డున రెల్లు మొలిచిన చోట మంచు పలచగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. కాలు దిగబడిన చోట లోతు లేదు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. అప్పటి నుంచి గునపం లేనిదే అడుగు వేయను. నాలుగు అడుగులకు ఒకసారి పొడిచి చూసుకోవాలి; మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలి, చిన్న కారు ఎక్కించాలంటే దానికి రెట్టింపు కూడా చాలదు. మెడలో రెండు మేకుల పిడులు వేలాడదీసుకుంటే, పడినప్పుడు వాటిని మంచులో గుచ్చి పైకి పాకవచ్చు. బరమాతో బెజ్జం వేయడం పెద్ద పని కాదు. ఆ బెజ్జంలో పది నిమిషాలకొకసారి మీగడలా పేరుకునే మంచును తీస్తూ ఉండడమే పని. దానికి ప్రత్యేకమైన గరిటెలు అమ్ముతారు గాని, నేను మా ఇంట్లో బూరెలు తీసే చిల్లుల గరిటెనే పట్టుకుపోయి, అది వంకర తిరిగాక రెండు వారాలు మాటలు పడ్డాను. వేసవిలో మనిషికి ఒకే గాలం, మంచు మీద అయితే రెండు వేసుకోవచ్చు.

చట్టం_ముఖ్యం
అసలు మాట ఎవరూ అనడం లేదు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి గాని, తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. లీజు భూమిలో చేసిన ఘనకార్యాన్ని పదిమంది చదివే చోట రాసుకోవడం ఎంత తెలివైన పనో ఈ పెద్దమనిషే ఆలోచించుకోవాలి. గ్రీన్ కార్డు వచ్చే వరకు గాలంతో సరిపెట్టుకోండి.

మంచె_మహారాజు
ఈ రాష్ట్రంలో ఇరవై రెండు నవంబర్లు మంచె మీద గడిపినవాడిగా చెబుతున్నాను, పై మిత్రులు చట్టాన్ని సగం చదివి ఊరుకున్నారు. నిషేధం ఉన్న మాట నిజమే. అదే చట్టంలో, అమెరికాలో సక్రమంగా జారీ అయిన వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదన్న మినహాయింపు కూడా ఉంది. తుపాకి కొనేటప్పుడు దుకాణంలో నింపే 4473 ఫారంలో ఈ మినహాయింపు గురించే ఒక ప్రశ్న ఉంటుంది. నేను హెచ్-1బి మీద ఉన్న ఏళ్లలో నాలుగు జింకలను కొట్టాను, నాలుగింటినీ నమోదు చేయించాను. తెలియని విషయం మీద మనుషులను భయపెట్టడం ఒక సరదాగా మారింది ఇక్కడ.

గుడివాడ_కోడలు
చెల్లెలు అడిగిన ప్రశ్నకు మగవాళ్లెవరూ జవాబు చెప్పరని తెలిసే రాస్తున్నాను. ఇక్కడివాళ్లు నెత్తిన పెట్టుకునే వాల్‌ఐ చేప వేపుడుకు అద్భుతంగా ఉంటుంది గాని, పులుసులో వేస్తే రెండో ఉడుకుకే ముక్క విడిపోయి గుజ్జవుతుంది. క్రాపీని కారం, ఉప్పు, పసుపు, కొద్దిగా బియ్యప్పిండి పట్టించి పెనం మీద కాల్చాలి. బుల్‌హెడ్ మన జెల్లలకు దగ్గరి చుట్టం. పులుసు కావాలంటే కామన్ కార్ప్ తెచ్చుకోండి. అది మన చేపల చెరువుల్లో పెంచే బంగారు తీగే. ఇక్కడివాళ్లు దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు కాబట్టి పోటీ ఉండదు. వెన్ను వైపు చర్మం మీద కత్తితో పావు అంగుళానికి ఒక గాటు చొప్పున దగ్గర దగ్గరగా పెడితే సన్న ముళ్లు తెగిపోతాయి. చిక్కటి చింతపండు రసంలో అరగంట మగ్గితే ఇక ముల్లు తెలియదు. ఒక్క జాగ్రత్త: పెద్ద వాల్‌ఐ, పైక్ వంటి వేటాడే చేపల్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది కాబట్టి, గర్భిణులు, పిల్లలు ఎంత తినాలో ఆరోగ్యశాఖ ఇచ్చే పట్టిక చూసుకోవాలి.

వాల్‌ఐ_వేంకట్
బురద తినే చేపను తెచ్చి వాల్‌ఐ పక్కన నిలబెట్టడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఆ చేప సరస్సు అడుగును కెలికి, నాచును వేళ్లతో సహా పెకలించి, నీటిని టీ రంగుకు తెచ్చిందని ఈ రాష్ట్రంలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మే నెల మధ్యలో వాల్‌ఐ సీజను తెరిచే రోజు ఇక్కడ పండుగ. కొత్తగా వచ్చేవారికి రాష్ట్ర చేపను పట్టడం నేర్పాలి గాని, చెత్త చేపను కాదు.

గుడివాడ_కోడలు
దాన్ని 1880లలో ఇక్కడి ప్రభుత్వమే తిండికి పనికివస్తుందని తెప్పించి నీళ్లలో వదిలింది, మేము కాదు. నీళ్లు పాడుచేస్తోందని మీరే అంటున్నారు, పట్టుకుని తింటే మీకేమిటి నొప్పి? మీలాంటివారు దాన్ని బాణాలతో కొట్టి ఒడ్డున కుళ్లబెట్టి పోవడం నేను కళ్లారా చూశాను. అలా వదిలేయడం చట్టవిరుద్ధమని కూడా ఇక్కడ చిన్నపిల్లవాడికి తెలుసు. వాల్‌ఐ గొప్పదే, రోజుకు ఆరింటికి మించి ఉంచుకోకూడదు, అందులో 20 అంగుళాలు దాటినది ఒక్కటే. నలుగురు చుట్టాలు వస్తే దానితో నేను ఏ గిన్నె నింపాలి?

చట్టం_ముఖ్యం
మహారాజు గారు మినహాయింపు చెప్పారు గాని, దాని మెలిక చెప్పలేదు. లైసెన్సు చేతిలో ఉన్నంతవరకే ఆ మినహాయింపు. టెక్సాస్ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. వీరు మారేది సెప్టెంబరు మొదటి వారంలో. గడువు తీరిన లైసెన్సు పర్సులో పెట్టుకుని, తుపాకి ట్రక్కులో పెట్టుకుని, ఓక్లహోమా, కాన్సాస్, మిస్సోరి, అయోవా దాటి వచ్చే మనిషిని దారిలో ఆపితే ఏమవుతుంది? నేను భయపెట్టడం లేదు, తేదీలు చూపిస్తున్నాను.

మంచె_మహారాజు
ఆ మాట ముందే అని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. తేదీల విషయంలో మీరన్నది సరైనదే, ఒప్పుకుంటున్నాను. టెక్సాస్‌లో కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి కాబట్టి, బయలుదేరే ముందే ఒకటి కొనుక్కోవాలి, లేదా తుపాకిని ఆ మిత్రుడి దగ్గరే వదిలి రావాలి. ఒక న్యాయవాదికి గంట ఫీజు ఇచ్చి అడగడం అన్నిటికన్నా చవక. విల్లుకు ఈ బెడదే లేదు, జింకలకు విలుకాండ్ర సీజను సెప్టెంబరు మధ్య నుంచి డిసెంబరు 31 వరకు ఉంటుంది.

ఇక జింకల సంగతి. టెక్సాస్‌లో నూటికి తొంభైకి పైగా భూమి ప్రైవేటువారిది, అందుకే అక్కడ లీజులు, ఫీడర్లు, మొక్కజొన్న బస్తాలు. ఇక్కడ ఉత్తరాన రాష్ట్ర అడవులు, రెండు జాతీయ అడవులు, ఊరూరా వన్యప్రాణుల కోసం ఉంచిన ప్రభుత్వ భూములు ఉన్నాయి. లైసెన్సు ఉంటే ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి నడిచిపోవచ్చు. కాని గింజ చల్లి జింకను రప్పించడం ఇక్కడ నేరం, ఒక్క దోసెడు చల్లినా నేరమే. మొక్కజొన్నకు అలవాటు పడినవారికి ఇది నిజమైన పరీక్ష: గాలి వాటం చూసుకోవాలి, డెక్క గుర్తులు చదవాలి, సున్నా కింద పదిహేను డిగ్రీల్లో దగ్గు ఆపుకుని ఐదు గంటలు కూర్చోవాలి. తుపాకి సీజను నవంబరు 6కు దగ్గరగా వచ్చే శనివారం మొదలవుతుంది; ఆ రోజుల్లో నడుము పైభాగం బట్టలు, టోపీ కొట్టొచ్చినట్టు కనబడే నారింజ రంగులో గాని గులాబీ రంగులో గాని ఉండాలి. 1979 తరువాత పుట్టినవారికి తుపాకి భద్రతా శిక్షణ పత్రం తప్పనిసరి, టెక్సాస్‌లో పొందినది చెల్లుతుంది. స్థానికుల ధరకు లైసెన్సు కావాలంటే ఇక్కడ 60 రోజులు నివాసం ఉండాలి. సెప్టెంబరు మొదటి వారంలో దిగితే అది సరిగ్గా సీజను గుమ్మంలో పూర్తవుతుంది, ఒక వారం ఆలస్యమైతే సీజను తెరిచే రోజుకు పరాయివారి ధరే.

శాంతి_శాంతి
మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణులను చట్టమే కాపాడుతోంది. ఇక్కడికి వచ్చి జింకను కాల్చడం మన సంస్కారమా అని ఒక్కసారి ఆలోచించండి.

సెయింట్‌క్లౌడ్_సుబ్బయ్య
ఇక్కడ జింకను కార్లు కూడా చంపుతాయి, నా బంపరు సాక్షి. తోడేళ్లు తగ్గిన చోట వేటగాళ్లు లేకపోతే జింకలు లేత మొక్కను బతకనివ్వవు. మీకు ఇష్టం లేకపోతే మానండి, కాని అడిగినవారు అడిగింది అది కాదు.

లావన్_గాలం
అందరికీ కృతజ్ఞతలు. నా లైసెన్సు తేదీ సంగతి నిజంగా నాకు తట్టలేదు, చట్టం గారికి ఋణపడి ఉంటాను, ఆ ఘనకార్యం అన్న మాట తప్ప. పడవ సంగతి మాత్రం ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

రూట్‌రివర్_రెడ్డి
ఇంత చర్చ జరిగింది గాని, వీరు వెళ్తున్నది రోచెస్టర్‌కు అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. మిన్నెసోటాలో సహజమైన సరస్సు ఒక్కటి కూడా లేని కౌంటీలు నాలుగు ఉన్నాయి, వాటిలో రోచెస్టర్ ఉన్న ఓమ్‌స్టెడ్ ఒకటి. పది వేల సరస్సుల రాష్ట్రంలో వీరు ఏరికోరి సరస్సు లేని ఊరికి వస్తున్నారు. పెద్ద సరస్సైన మిల్లెలాక్స్‌కు వెళ్లాలంటే మూడు గంటల డ్రైవు.

కాని బాధపడనక్కర్లేదు. గంటలోపు దూరంలో మిసిసిపీ నది మీద పెపిన్ సరస్సు ఉంది. అది విస్కాన్సిన్‌తో సరిహద్దు నీరు కాబట్టి, మిగతా రాష్ట్రంలో ఫిబ్రవరి చివర మూసేసి మే మధ్యలో తెరిచే వాల్‌ఐ సీజను అక్కడ ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. పడవ తెచ్చుకోండి, అమ్మకండి. అయితే టెక్సోమాలో తిరిగిన పడవ అన్నారు. పడవలకు అంటుకుని ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పాకే జీబ్రా ఆల్చిప్పలు అక్కడ 2009లోనే కనబడ్డాయి. బయలుదేరే ముందు పడవను, ట్రైలరును వేడినీళ్లతో కడిగి, నీళ్లన్నీ వంచేసి, కనీసం ఐదు రోజులు ఎండబెట్టండి. ఇక్కడ రోడ్డు మీద పడవను లాగేటప్పుడు అడుగు బిరడా ఊడదీసి ఉంచాలి. నేను ఒకసారి మరచిపోయి బిగించే తీసుకెళ్తే, పెట్రోలు బంకు దగ్గర ఒక అధికారి ఆపి జరిమానా రాశాడు. పడవ ఎముకలా ఎండి ఉందని చెప్పినా, బిరడా బిగించి ఉంది కదా అన్నాడు.

మీ వైపు అసలు సంపద వాగులు. సున్నపురాయి పొరల్లోంచి ఊరే చల్లని ఊటనీరు కాబట్టి రూట్ నది, వైట్‌వాటర్ ఉపనదులు జనవరిలో కూడా పూర్తిగా గడ్డకట్టవు, వాటి నిండా బ్రౌన్ ట్రౌట్ ఉంటుంది. లైసెన్సుతో పాటు ట్రౌట్ స్టాంపు అనే అదనపు అనుమతి తీసుకోవాలి. జింకల విషయంలో ఒక హెచ్చరిక: పక్కనున్న ఫిల్మోర్ కౌంటీలో 2016లో అడవి జింకల్లో జింకను క్షీణింపజేసే సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడింది. కొట్టిన జింకకు పరీక్ష చేయించండి. మనవాళ్లలో తలకాయ కూర ప్రియులు ఉంటారు. ఆ జబ్బు మెదడులో, వెన్నుపాములో ఎక్కువగా ఉంటుంది, వండినా చావదు. తల ముట్టుకోకండి.

లావన్_గాలం
సరస్సు లేదన్న మాట మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ట్రౌట్ పులుసుకు పనికివస్తుందా?

రూట్‌రివర్_రెడ్డి
అంత సున్నితమైన చేపను చింతపండులో వేసి చంపకండి. వెన్న, నిమ్మకాయ చాలు.

గుడివాడ_కోడలు
మొన్న ఆదివారమే పెట్టాను. నలుగురం గిన్నె ఊడ్చాము.