జమైకా మరూన్లు బ్రిటిష్ సైన్యాన్ని అన్నేళ్లు ఎలా ఆపగలిగారు?

ప్రశ్న: 1739లో బ్రిటిష్ వాళ్లే దిగొచ్చి మరూన్ల నాయకుడు కుడ్జోతో సంధి చేసుకున్నారని చదివాను. చెరకు తోటల నుంచి పారిపోయిన కొన్ని వందల మంది బానిసలు, తుపాకీమందు కూడా చాలని వాళ్లు, అంతకాలం ఎలా నిలిచారు? కొండలుంటే సరిపోతుందా? ఆ సంధిని గెలుపు అనుకోవచ్చా?

జవాబు 1: కొండల కంటే ముందు నీళ్ల సంగతి చూడండి. కాక్‌పిట్ కంట్రీ అనే వాళ్ల కొండప్రాంతమంతా సున్నపురాయి. ఎంత వాన పడ్డా రాతిలోకి ఇంకిపోతుంది, పైన వాగులు కనపడవు. సైనికులకు దాహం. మరూన్లకేమో కొమ్మల మీద పెరిగే అనాస జాతి మొక్కల ఆకు మొదళ్లలో వాననీళ్లు నిలుస్తాయని తెలుసు.

ఇక దారులు. గుట్టల మధ్య సందుల్లో ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. రాళ్ల చాటున పొంచినవాళ్లు ముందు ఒక పక్క నుంచి కాల్చేవారు. దళం అటు తిరగ్గానే రెండో పక్క నుంచి దెబ్బ పడేది. పొగ లేచిన చోటికి గురిపెట్టేసరికి అక్కడ ఎవరూ ఉండరు.

జవాబు 2: పై జవాబుకు అబెంగ్ కలపాలి. అది మరూన్లు కబుర్లు పంపడానికి ఊదే ఆవు కొమ్ము. మన జాతర కొమ్ములా చివర నుంచి కాదు, పక్కన కోసిన రంధ్రంలోంచి ఊదుతారు. మొనకున్న చిల్లిని బొటనవేలితో మూసి తెరిస్తే స్వరం మారుతుంది. మరూన్లలో చాలామందికి వచ్చిన పశ్చిమాఫ్రికా అకాన్ భాషల్లో స్వరం హెచ్చుతగ్గులతో అర్థం మారుతుంది కాబట్టి, ఆ కొద్దిపాటి స్వరాలతోనే కబురు కొండ దాటేది.

అన్నిసార్లూ నెగ్గలేదు. 1734లో బ్రిటిష్ కెప్టెన్ స్టాడర్ట్ చిన్న ఫిరంగులను గట్టు పైకి మోయించి, తూర్పు మరూన్ల ఊరు నానీ టౌన్‌ను పడగొట్టాడు. బతికినవాళ్లు చెదిరిపోయినా, తూర్పు కొండల్లో పోరు ఆగలేదు.

జవాబు 3: సంధి గురించి. స్వేచ్ఛ, 1500 ఎకరాలు దక్కాయి, నిజమే. షరతులు కూడా చదవండి. కాఫీ, కోకో, అల్లం, పొగాకు, పత్తి పండించుకోవచ్చన్నారు. ఆ జాబితాలో చెరకు లేదు. మరణశిక్ష తప్ప మిగతా శిక్షలు కుడ్జో చేతిలో. ఇద్దరు తెల్లవాళ్లు ఊళ్లోనే కాపురం ఉంటారు. అన్నిటికంటే బరువైనది తొమ్మిదోది: ఇకపై పారిపోయి వచ్చే బానిసలను పట్టి అప్పగించాలి.

ఆ తొమ్మిదో షరతు ఎటు తిరిగిందో చూడండి. 1795లో పందుల దొంగతనం నేరం మోపి కుడ్జో ఊరైన ట్రెలానీ టౌన్ మరూన్లు ఇద్దరిని మాంటెగో బేలో కొరడాతో కొట్టించారు. కొట్టినవాడు ఒకప్పుడు మరూన్లు పట్టి అప్పగించిన బానిసే. దాంతో రెండో యుద్ధం. క్యూబా నుంచి వేటకుక్కలను దించారు. దీవి దాటించబోమన్న బ్రిటిష్ సేనాని వాల్పోల్ మాట నమ్మి లొంగినవాళ్లను గవర్నర్ బాల్కారెస్ 1796లో కెనడాలోని హాలిఫాక్స్ చలికి పంపేశాడు. అకంపాంగ్ అనే మరో ఊరి మరూన్లు ఆ యుద్ధంలో ప్రభుత్వం పక్కనే ఉన్నారు.