స్పిట్‌ఫైర్‌ను ట్రాక్ మీదికి దింపాలంటే: మొదట రోల్ బారా, లేక వెనక యాక్సిలా?

హన్మకొండ 1296

బండి 1969 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3, రెండు సీట్ల బ్రిటన్ కారు. 1296 సీసీ, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, గుడ్డ టాపు. ఇంజన్ మంచిగనే ఉన్నది. మద్రాసు దిక్కు ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద పాత బండ్లతోటి నడపాలని ఉద్దేశం. నడుమ నడుమ హన్మకొండ రోడ్ల మీద కూడా తిరుగుతది. ఈ ఏడు పైసలు ఒక్క పెద్ద పనికే సరిపోతయి. సగం మంది ముందు రోల్ బార్ (పల్టీ కొడితే తలకాయను కాపాడే, సీట్ల వెనక వంపు స్టీలు పైపు), రేసు బెల్టులు అంటున్నరు. సగం మంది బార్ తర్వాత, మొదలు వెనక యాక్సిల్, ముందటి ట్రనియన్లు (ముందు చక్రాల కింది కీళ్లు) అంటున్నరు. ఏది ముందు? కారణం కూడా చెప్పండ్రి.

ఆటోనగర్ పానా

యాక్సిల్ తమ్మీ. రెండో మాట లేదు.

ఈ బండికి వెనక ఉన్నది స్వింగ్ యాక్సిల్. డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే డబ్బా) నెత్తి మీద అడ్డంగ ఒకటే కమాన్ కట్ట, దాని రెండు కొసలకు రెండు చక్రాలు. మద్రాసుల తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కింద పండుకొని పనిజేసినోళ్లకు ఇది కొత్త కాదు, రెండూ ఒక్క తల్లి పిల్లలే. మలుపు నడుమ భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీసినవనుకో. బరువు ముందుకు పోతది, వెనక భాగం లేస్తది, బయటి చక్రం బండి కిందికి మడుచుకుంటది. టైరు అంచు మీద నిలబడ్డ బండి ఇంకింత లేస్తది. అటెన్క గిర్రున తిరుగుతదో, బోర్ల పడతదో నీ చేతుల ఉండదు.

చెయ్యాల్సిన పని: డిఫరెన్షియల్‌కు, కమాన్‌కు నడుమ 25 మి.మీ. అల్యూమినియం దిమ్మ, దానికి తగ్గ పొడుగు స్టడ్లు. బండి వెనక దిగుతది, చక్రాల పై అంచులు లోపలికి వాలుతయి. డ్రైవర్ సీట్ల కూసున్నంక కొలిస్తే ఆ వాలు, అంటే నెగెటివ్ క్యాంబర్, 2 నుంచి 3 డిగ్రీలు ఉండాలె, ఖాళీ బండి మీద కొలత పనికిరాదు. చక్రం కిందికి వేలాడకుండ పట్టా కట్టాలె. ముందర యాంటీ రోల్ బార్ (మలుపుల బండి ఒరగకుండ ఆపే కింది కడ్డీ, రోల్ బార్ వేరే) 17.5 మి.మీ. తీసి 22 మి.మీ.ది వెయ్యాలె. 1970 సంవత్సరంల మార్క్ 4 వచ్చినప్పుడు కంపెనీ కూడా ఈ తిప్పలకు మందు వేసింది: కింది పట్టీ ఒక్కటి వదిలి మిగిలినయి నడుమ ఊగేటట్టు చేసి, ముందర 22 మి.మీ. బార్ ఇచ్చింది. ఆ కమాన్ నీ బండికి ఎక్కుతది గానీ, 1969 బండికి 1970 సామాను ఏందని స్క్రూటినీల (రేసుకు ముందు బండి తనిఖీల) అడుగుతరు. దిమ్మ, పట్టా అయితే ఆ పంచాయితీ తక్కువ.

బండి పల్టీ కొట్టకుంటే బార్‌తోటి పనేముంది?

మామునూరు రన్‌వే

అన్నా, యాక్సిల్ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆఖరి వాక్యమే తప్పు.

బండి పల్టీ కొట్టడానికి సొంత యాక్సిలే కారణం కానక్కర్లేదు. పక్క బండి చక్రం మీద నీ చక్రం ఎక్కితే చాలు, గాలిలోకి లేస్తుంది. అడ్డంగా జారుతూ ఇసుకలోకి దిగితే రిమ్ము దిగబడి బండి తిరగబడుతుంది. దిమ్మ పెట్టిన బండికైనా అంతే. ఈ బండిలో తల పైన ఉన్నది గుడ్డ, ముందున్నది పలచని అద్దం ఫ్రేమ్. ఆ ఫ్రేమ్ బండి బరువు మొయ్యదు.

ఇంకొకటి, హన్మకొండ గారు గమనించాల్సింది. బార్ లేకుండా రేసు బెల్టులు మాత్రం బిగించడం అన్నింటికన్నా చెడ్డ పని. మామూలు బెల్టుతో మనిషి కొంచెమైనా పక్కకు ఒరుగుతాడు. నాలుగు పాయింట్ల బెల్టు భుజాలను సీటుకు కట్టేస్తుంది, అప్పుడు బండిలో అన్నిటికన్నా ఎత్తున ఉండేది తలే. భుజం పట్టీలను సీటు వెనక నేలకు బిగించే అలవాటు కూడా ఉంది. ఢీకొన్నప్పుడు అవి భుజాలను కిందికి లాగి వెన్నెముకను నలుపుతాయి. పట్టీలు భుజం నుంచి వెనక్కి కొద్దిగా కిందికి వాలాలి, 10 డిగ్రీలు దాటకపోవడం మేలు, 45 దాటనే కూడదు. ఆ ఎత్తులో వాటిని బిగించే చోటు ఈ బండిలో ఎక్కడుంది? రోల్ బార్‌కు వేసే అడ్డపట్టీ మీదే. అంటే బార్ లేకుండా సరైన బెల్టు లేదు. అందుకే బార్ ముందు.

కాజీపేట లోకోషెడ్

మీ ఇద్దరి వాదనలో ముందటి చక్రాన్ని మరిచిపోయారు. యాక్సిలా, బారా అని తేల్చేలోపు ట్రనియన్ విరిగితే రెండూ దండగే.

ముందర కింద ఉన్న ట్రనియన్ ఇత్తడి రంగు కంచు ముక్క. అందులోకి వర్టికల్ లింకు (చక్రాన్ని పట్టుకునే నిలువు స్టీలు ముక్క) మరల మీద తిరుగుతూ ఉంటుంది, స్టీరింగు తిప్పిన ప్రతిసారీ. దానికి పొయ్యాల్సింది 90 నంబర్ గేర్ ఆయిల్. మన దగ్గర నిపిల్ కనిపిస్తే చాలు గ్రీజు పంపు పెట్టి కొడతారు. గ్రీజు మరల సందుల్లోకి పోదు, పాత గ్రీజు గట్టిపడి దారి మూసేస్తుంది. నీళ్లు చేరి మర తుప్పు పడుతుంది, ఆ తుప్పు గుంటలోంచే పగులు మొదలవుతుంది. ఒకరోజు లింకు మర దగ్గర తెగుతుంది, చక్రం పక్కకు పడుకుంటుంది. ఎక్కువగా స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు తెగుతుంది కాబట్టి రోడ్డు మీద చాలామంది బతికిపోతారు. ట్రాక్ మీద ఆ అదృష్టాన్ని నమ్ముకోలేం.

విప్పి, కిరోసిన్‌తో కడిగి, డీపీ టెస్టు (కంటికి కనపడని పగుళ్లను రంగు ద్రవంతో పట్టే పరీక్ష) చేయించండి. మూడు డబ్బాల కిట్టు: ముందు క్లీనర్, తర్వాత ఎర్ర ద్రవం కొట్టి 10 నుంచి 20 నిమిషాలు ఆగాలి, తుడిచి తెల్ల పొడి కొట్టాలి. పగులు ఉంటే ఎర్ర గీత పైకి వస్తుంది. రైల్వే, సింగరేణి పనులు చేసే వర్క్‌షాపులున్న కాజీపేట, రామగుండం ప్రాంతంలో ఇది తెలిసినవాళ్లకు కొదవ లేదు. వర్టికల్ లింకులు, ముందు స్టబ్ యాక్సిళ్లు (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసులు), వెనక హాఫ్ షాఫ్టులు (డిఫరెన్షియల్ నుంచి వెనక చక్రానికి పోయే ఇరుసులు) అన్నీ ఒకే రోజు చూపించండి. మర మీద తుప్పు గుంట కనిపిస్తే పగులు లేకున్నా ఆ లింకు పారెయ్యాలి. ఒక పక్క కుడి మర, మరో పక్క ఎడమ మర, కలిపెయ్యకండి.

వెనక హాఫ్ షాఫ్టు సంగతి ఇంకా ఘోరం. హబ్బు దగ్గర విరిగితే చక్రం షాఫ్టు ముక్కతో సహా బయటికి పోతుంది. హబ్బును సుత్తితో కొట్టి ఊడదీస్తే షాఫ్టు వంగుతుంది, దానికి తగ్గ పుల్లర్ తప్పనిసరి.

హన్మకొండ 1296

ముగ్గురు మూడు దిక్కుల గుంజుతున్నరు. సరే, లింకుల టెస్టు ఎట్లయినా ముందు చేయిస్త, అది పెద్ద ఖర్చు కాదు. బార్ గురించి ఒక సందేహం. ఇక్కడ గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపాయన రెండించుల జీఐ పైపు వంచి రెండు రోజులల్ల చేసిస్త అంటున్నడు. కుదురుతదా?

మామునూరు రన్‌వే

వద్దు. దానికన్నా ఖాళీగా వదిలేయడం నయం.

ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంస్థ) నిబంధనల జే అనుబంధం 253వ అధికరణ ప్రకారం కేజ్‌కు (రోల్ బార్, దాని ఊతలు కలిసిన పంజరానికి) వాడాల్సింది చల్లగా లాగిన అతుకు లేని కార్బన్ స్టీలు పైపు, తెగుడు బలం కనీసం 350 మెగాపాస్కల్. ప్రధాన హూప్‌కు, అంటే తల వెనక నిలబడే పెద్ద వంపు పైపుకు, 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50కి 2.0. మిగతా కడ్డీలకు 38కి 2.5, లేదా 40కి 2.0. హూప్, వెనక రెండు ఊతలు, ఒక వికర్ణం, భుజం పట్టీల అడ్డకడ్డీ అన్నీ కలిపి ఇంత చిన్న బండికి 20 కిలోల లోపే. కొనేటప్పుడు పైపు కొసను వెర్నియర్‌తో కొలవండి, దుకాణదారు మాట కాదు.

జీఐ పైపు నీళ్లకోసం చేసింది. దానికి పొడుగునా అతుకు ఉంటుంది, వంచితే అతుకు దగ్గరే చీలుతుంది. పైన జింకు పూత వెల్డింగులోకి దిగి అతుకును గుల్ల చేస్తుంది, ఆ పొగ పీల్చిన మనిషికి జ్వరం కూడా వస్తుంది. ఇసుక నింపి, మంట పెట్టి వంచే పద్ధతి అసలు పనికిరాదు. వంపు చల్లగానే వెయ్యాలి, వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి కనీసం 3 రెట్లు. వంపు దగ్గర పైపు కోడిగుడ్డులా నలిగితే చిన్న వ్యాసం పెద్ద వ్యాసంలో 0.9 వంతు కన్నా తగ్గకూడదు.

పాదాలే అసలు చిక్కు. స్పిట్‌ఫైర్ చాసిస్ నడుమ వెన్నెముకలా ఉంటుంది, హూప్ పాదాలు నిలబడేది పలచని రేకు మీద. ఒక్కో పాదం కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. ప్లేటు ఉండాలి, కనీసం మూడు ఎం8 (8 మి.మీ.) బోల్టులు, 8.8 గ్రేడు. ప్లేటును ఎల్ ఆకారంలో వంచి సిల్లు (తలుపు కింద పొడుగునా ఉండే బోలు రేకు పెట్టె) నిలువు గోడకు కూడా ఆనించండి. ఈ బండికి సిల్లులే బలం, అవి తుప్పు తిని ఉంటే ఎంత మంచి హూప్ వేసినా పల్టీలో పాదం నేలలోంచి దూసుకుపోతుంది.

ఆటోనగర్ పానా

సిల్లు మాట మంచిగ చెప్పినవ్. పైన పుట్టీ, పెయింట్ ఉంటది, లోపల రేకు ఉండదు. చిన్న సుత్తితోటి కొట్టి చూడు తమ్మీ, ఠంగుమంటె రేకు, బొద్దుమంటె పుట్టీ. అయస్కాంతం కూడా పట్టి చూడు.

బార్ వద్దని నేను అనలే. రోడ్డు మీద తిరిగే బండి అన్నవు గదా. హెల్మెట్ లేకుండ తలకాయ పక్కన స్టీలు పైపు పెట్టుకొని హన్మకొండ చౌరస్తల తిరిగితే, వెనకనుంచి ఎవరన్న మెల్లగ గుద్దినా నెత్తి పైపుకు తాకుతది. దాని మీద ఏసీ పైపుకు చుట్టే మెత్తటి నురగ చుడతరు, అది బొటనవేలు నొక్కితే లోపలికి పోయేది. దెబ్బను ఆపదు. గట్టి ప్యాడింగ్ కావాలె, ఎఫ్‌ఐఏ 8857-2001 గుర్తున్నది. అది కూడ హెల్మెట్ పెట్టుకున్నోనికే సరిపోతది.

ఓరుగల్లు ఆర్సీ

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మొదటి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా, వీఏ అక్షరాల నంబరుతో నమోదు చేసుకోవచ్చు, 10 ఏళ్లకు. కానీ అందులో షరతు ఉంది: చాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లో పెద్ద మార్పు ఉండకూడదు. రోజువారీ తిరుగుడు కూడా ఉండకూడదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులకే.

కాబట్టి వెల్డు చేసిన కేజ్ వేస్తే ట్రాక్ బండి అవుతుంది, రోడ్డు కాగితం ప్రమాదంలో పడుతుంది. బోల్టులతో బిగించే హూప్ వేస్తే విప్పదీయొచ్చు, కానీ నేలకు కొట్టిన రంధ్రాలు కూడా మార్పేనని ఆర్టీవో అంటే అనొచ్చు. ముందే రాతపూర్వకంగా అడగండి. ట్రాక్‌కు ట్రెయిలర్ మీద తీసుకుపోవడమే సరైన దారి, ఇక్కడినుంచి చెన్నై వైపు ఆరేడు వందల కిలోమీటర్లు ఎండలో ఆ బండి నడిపించడం అవసరమా?

కాజీపేట లోకోషెడ్

బార్, యాక్సిల్ వాదనలో మంట పక్కకు పోతోంది. స్పిట్‌ఫైర్ పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది, డ్రైవర్‌కు దానికి మధ్య ఉన్నది అట్టముక్క లాంటి ట్రిమ్. అక్కడ 1 మి.మీ. రేకుతో పూర్తి గోడ కట్టి, వైర్లు, పైపులు దూరే సందులు మూసెయ్యాలి. ఈ ఇంజన్‌లో కార్బొరేటర్లు, సైలెన్సర్ పైపు ఒకే పక్కన ఉంటాయి. కార్బొరేటర్ గిన్నెలోకి పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది ఇరుక్కుంటే పెట్రోలు పొంగి నేరుగా వేడి మ్యానిఫోల్డ్ మీద పడుతుంది. ఒక్కో ఫ్లోట్ గిన్నెకు పొంగు గొట్టం పెట్టి సైలెన్సర్‌కు దూరంగా కిందికి వదలండి, నడుమ వేడి కవచం రేకు పెట్టండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన ఈ20. పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి, లోపలి పొర ఊడి పగుళ్లిస్తాయి. ఇథనాల్‌కు తట్టుకునే ఆర్9 గ్రేడు గొట్టం, ప్రతి కొసకు అంచు కొయ్యని గుండ్రటి క్లిప్పు.

కిల్ స్విచ్ (ప్రమాదంలో బండి కరెంటంతా తెంపే స్విచ్) విషయంలో అందరూ చేసే తప్పు: బ్యాటరీ తీగ ఒక్కటే తెంపడం. డైనమో తిరుగుతుంటే ఇగ్నిషన్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, ఇంజన్ ఆగదు. ఇగ్నిషన్ కాయిల్‌కు పోయే తీగను కూడా తెంపే అదనపు టెర్మినళ్లున్న స్విచ్ కావాలి. బయట మీట దగ్గర నీలి త్రిభుజంలో ఎర్ర మెరుపు గుర్తు, తెల్ల అంచు, అడుగు కనీసం 12 సెం.మీ.

ఆటోనగర్ పానా

బ్రేకుకు వస్తే, మార్క్ 3కి బ్రిటన్ బండ్లల్ల లైను ఒకటే. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలు పోయినట్టే. రబ్బరు గొట్టాలు నాలుగూ కొత్తవి వెయ్యి, పాతయి లోపల ఉబ్బి ఆయిల్ వెనక్కి రానియ్యవు, బ్రేకు పట్టుకొనే ఉంటది. బ్రేక్ ఆయిల్ డాట్ 4 కొత్తది 230 డిగ్రీలకు మరుగుతది, తేమ తాగినంక 155కే. వానకాలం అంత మూత తీసిపెట్టిన డబ్బా వాడకు.

హన్మకొండ 1296

సిల్లు కొట్టి చూసిన. కుడి పక్క ఠంగుమన్నది, ఎడమ పక్క వెనక చక్రం ముందర బొద్దుమన్నది, ఒక జానెడు మేర.

మామునూరు రన్‌వే

అయితే ఈ ఏడు పైసలు ఎక్కడికి పోవాలో తేలిపోయింది. హూప్ ఎడమ పాదం నిలబడేది ఆ జానెడు మీదే. పుట్టీ గీకి, మంచి రేకు వచ్చేదాకా కోసి, కొత్త సిల్లు సీవోటూ వెల్డింగ్‌తో వేయించండి. కొయ్యకముందు తలుపు సందు బిగించి, రెండు తలుపు స్తంభాల మధ్య ఇనుప కడ్డీ తాత్కాలికంగా అతికించండి, లేకుంటే టాపు లేని బండి నడుం వంగి తలుపులు పట్టవు.

పానా అన్న దిమ్మ, పట్టా చవకే, అవి పక్కన చేసుకోవచ్చు. హూప్ వచ్చే ఏడు. అప్పటిదాకా ట్రాక్ మీదికి వద్దు.

ఆటోనగర్ పానా

దీనికి నేను కూడ ఒప్పుకుంట. హూప్ చేపిచ్చే ముందు ఒక కొలత తీసుకో: హెల్మెట్ పెట్టుకొని, రేసు సీట్ల కూసొని, హెల్మెట్ నెత్తి మీదికెళ్లి కనీసం 50 మి.మీ. ఎత్తున హూప్ ఉండాలె. హూప్ పైనుంచి ముందర డ్యాష్ పైన గట్టి చోటికి ఒక కర్ర ఆనిచ్చి చూడు. కర్ర హెల్మెట్‌కు తాకితే హూప్ పొట్టి.