తెలుగు పరీక్షే లేని సర్టిఫికెట్‌తో ప్రొఫెషనల్ ఇంటర్‌ప్రెటర్ అనిపించుకోవచ్చా?

ఫ్రిస్కో పిన్ని
అందరికీ నమస్కారం. ఇక్కడ డాలస్‌కి వచ్చిన మనవాళ్ల అమ్మానాన్నలకు హాస్పిటల్లో డాక్టరు మాటలు తెలుగులో చెప్పి మాటసాయం చేయడం నాకు ఏళ్ల అలవాటు. ఇప్పుడు దాన్నే పనిగా పెట్టుకుందామని 40 గంటల ట్రైనింగ్ పూర్తిచేశాను. తీరా మా దగ్గరున్న ఇంటర్‌ప్రెటర్ల సంఘంలో చేరబోతే, నేషనల్ సర్టిఫికేషన్ ఉంటేనే ప్రొఫెషనల్ మెంబర్, లేకపోతే ఫీజు కట్టి అసోసియేట్‌గా ఉండండి అన్నారు.

వైద్యరంగంలో అమెరికా మొత్తానికి చెల్లే సర్టిఫికేషన్ ఇచ్చేవి రెండు సంస్థలు, ఎన్‌బీసీఎంఐ, సీసీహెచ్‌ఐ. ఎన్‌బీసీఎంఐ వాళ్లు నోటితో చేసే పరీక్ష పెట్టేది స్పానిష్, కాంటొనీస్, మాండరిన్, రష్యన్, కొరియన్, వియత్నామీస్‌లకు. సీసీహెచ్‌ఐ వాళ్లు పెట్టేది స్పానిష్, అరబిక్, మాండరిన్‌లకు. మనలాంటివాళ్లకు సీసీహెచ్‌ఐలో కోర్‌సీహెచ్‌ఐ అని ఉంది. రెండు గంటలు, 100 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, అంతా ఇంగ్లీషే. తెలుగు వచ్చని ఏదో ఒక రుజువు జతచేయాలి, అంతే.

పాసైతే పేరు పక్కన అక్షరాలు పెట్టుకోవచ్చు. కానీ డాక్టరు మాటను నేను తెలుగులో ఎలా చెబుతానో ఎవరూ విననే వినరు. అలాంటి కాగితంతో ప్రొఫెషనల్ మెంబర్ అనిపించుకోవడం సబబేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఓరుగల్లు బిడ్డ
సబబు కాదు పిన్నీ. నేను చూసింది చెబుతాను. మా అమ్మమ్మకు యాంజియోగ్రామ్ చేసే ముందు ఫోన్లో ఇంటర్‌ప్రెటర్‌ని కలిపారు. రక్తస్రావం కావచ్చు, కిడ్నీల మీద ప్రభావం పడొచ్చు, అరుదుగా స్ట్రోక్ రావచ్చు, అవసరమైతే అప్పటికప్పుడే స్టెంట్ వేస్తాం అని డాక్టరు ఆపకుండా చెప్పుకుంటూ పోయాడు. లైన్లో ఉన్నాయన మొత్తం విని, "ఏం కాదంట అమ్మా, చిన్న టెస్టు, సంతకం పెట్టమంటున్నారు" అన్నాడు. అమ్మమ్మ "సరే నాయనా" అని పెన్ను కోసం చెయ్యి చాచింది. నేను పక్కన ఉన్నాను కాబట్టి ఆపాను. లేకపోతే ఆ సంతకానికి అర్థమేముంది?

ఆయన లైన్లోకి రాగానే సర్టిఫైడ్ అని చెప్పుకున్నాడు కూడా. అందుకే అడుగుతున్నా, ఏం చూసి ఇచ్చారు ఆ సర్టిఫికెట్?

కోర్టుపక్షి
బిడ్డగారూ, మీరు చెప్పినదాంట్లో ఆయన తెలుగుకు వచ్చిన లోపమేమీ లేదే! "చిన్న టెస్టు, సంతకం పెట్టమంటున్నారు" అనేది శుభ్రమైన తెలుగు. ఆయన చేసింది కత్తిరించడం. డాక్టరు గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే మధ్యలో ఆపి, కాస్త విడివిడిగా చెప్పమని అడగాలి. పేషెంటు కంగారుపడుతుందని దాచే హక్కు మనకు లేదు. ఇవన్నీ ఆ ఇంగ్లీషు పరీక్షలో అడిగేవే. అలాంటప్పుడు ఆ పరీక్ష దండగ అనడం ఎలా?

ఇంకో సంగతి. ఒబామా కాలంలో వచ్చిన ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ కింద హాస్పిటల్‌కు కావాల్సింది "క్వాలిఫైడ్" ఇంటర్‌ప్రెటర్. రెండు భాషలూ బాగా రావాలి, తప్పులేకుండా చెప్పాలి, వృత్తి నియమాలు పాటించాలి. సర్టిఫైడ్ అయి తీరాలని అందులో లేదు. పిన్నిగారు రేపటినుంచే పని చేయవచ్చు. అడ్డం వచ్చిందల్లా సంఘం మెంబర్‌షిప్పే.

ఓరుగల్లు బిడ్డ
నియమాలన్నీ తెలిసి కూడా కత్తిరించాడంటే మరీ ఘోరం కదండీ. నాకేమో స్ట్రోక్, స్టెంట్ గురించి తెలుగులో చెప్పడం చేతకాకే ఆయన దాటేశాడనిపించింది. చేతనవునో కాదో తేల్చే పరీక్షే లేదన్నది నా బాధ. హైదరాబాద్‌లో ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, "నాకు తెలుగు వచ్చు" అనుకునేవాళ్లు మనలో ఎంతమంది! నేనూ అదే బాపతు. బిర్యానీ గురించి గంటసేపు మాట్లాడగలను, బయాప్సీ గురించి రెండు నిమిషాలు మాట్లాడలేను.

మెల్‌బోర్న్ మావ
మా ఆస్ట్రేలియాలో ఈ పని నాటీ చూస్తుంది. 1977 నుంచీ ఉన్న సంస్థ, ప్రభుత్వాలదే. పరీక్ష ఉంటే అన్నీ చక్కబడతాయనుకునేవాళ్లు మా సంగతి వినాలి.

మా దగ్గర తెలుగులో సీసీఎల్ అని ఒక పరీక్ష ఉంది. పాసైతే పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వత నివాసానికి పెట్టే దరఖాస్తుకు, 5 పాయింట్లు. రెండు సంభాషణలు వినిపిస్తారు, ఒక్కోదానికి 45 మార్కులు. మొత్తం 90లో 63 రావాలి, విడివిడిగా దేంట్లోనూ 29కి తగ్గకూడదు. మనవాళ్లు కోచింగ్‌కు వెళ్లి బ్యాంకు, బీమా, సెంటర్‌లింక్ (ప్రభుత్వ సాయం ఇచ్చే ఆఫీసు), ఆసుపత్రి మాటలన్నీ బట్టీపట్టి పాసవుతారు. అందులో తప్పేమీ లేదు, పాయింట్ల కోసం పెట్టిన పరీక్ష అది. చిక్కెక్కడొస్తుందంటే, ఆ మార్కుల కాగితం చూపించి "నేను నాటీ పాసయ్యాను, ఇంటర్‌ప్రెటర్‌ని" అని తిరిగేవాళ్లతో. సీసీఎల్‌తో ఆ పని చేయడానికి అర్హత రాదని నాటీయే స్పష్టంగా చెబుతుంది. అసలు సర్టిఫికేషన్ కావాలంటే వృత్తి నియమాల పరీక్ష, సంస్కృతుల మధ్య తేడాల పరీక్ష ముందు దాటి, ఆ తర్వాత అసలు పరీక్ష రాయాలి. పైగా మూడేళ్లకోసారి పని చేస్తున్నట్టు, నేర్చుకుంటున్నట్టు రుజువులు చూపించి కొనసాగించుకోవాలి. 2018లో వ్యవస్థ మార్చాక ఇప్పుడున్న పద్ధతి ఇది.

కాబట్టి అమ్మా, నన్నడిగితే పరీక్షకన్నా ఆ మూడేళ్ల లెక్కే ముఖ్యం. ఒకసారి పాసై పదేళ్లు ఊరుకున్నవాడికంటే వారం వారం పని చేసేవాడు నయం.

కోర్టుపక్షి
మావగారి మాట నిజం. పని గంటలు చూసే పద్ధతి వేరేచోట్లా ఉంది. బ్రిటన్‌లో ఎన్‌ఆర్‌పీఎస్‌ఐ రిజిస్టర్లో పూర్తి హోదా రావాలంటే అర్హతతోపాటు 400 గంటల పని చూపాలి. కాన్ఫరెన్స్ ఇంటర్‌ప్రెటర్ల అంతర్జాతీయ సంఘం ఏఐఐసీకి పరీక్షే లేదు. 150 రోజుల పని ఉండాలి, మీ పక్కన బూత్‌లో, అంటే ఇంటర్‌ప్రెటర్లు కూర్చుని మైకులో చెప్పే గాజు గదిలో, కూర్చుని విన్న సభ్యులు మీకు హామీ ఇవ్వాలి.

ఓరుగల్లు బిడ్డ
హామీనా? తెలుగువాడికి తెలుగు బూత్‌లో పక్కన కూర్చునేదెవరండీ? ఐక్యరాజ్యసమితిలో మన భాష లేదు. మన పార్లమెంటులో తెలుగు ఇంటర్‌ప్రెటర్లు ఉన్నారు, కానీ వాళ్లు ఢిల్లీలో ఉద్యోగులు. డాలస్‌లో ఫోన్ పట్టుకుని ఒంటరిగా పని చేసే పిన్నికి 150 రోజులు కాదు, 1500 రోజులైనా ఒక్క సాక్షి దొరకడు. పెద్ద భాషలవాళ్లు వాళ్ల కోసం కట్టుకున్న ద్వారం అది. మన ఎత్తుకు సరిపోదు.

నైట్‌డ్యూటీ నర్సు
అవతలి వైపు నుంచి ఒక మాట. మా ఫ్లోర్లో ఐప్యాడ్ స్టాండును మంచం దగ్గరికి తోసుకెళ్లి తెలుగు నొక్కితే తెరమీద ఏ ఇంటర్‌ప్రెటర్ వస్తే వాళ్లే. సర్టిఫికెట్ ఉందో లేదో నాకు కనబడదు, ఐడీ నంబరు రాసుకుంటాను. నేను గమనించేది ఒక్కటే. నేను నాలుగు వాక్యాలు చెబితే అవతలినుంచి ఒక్క ముక్క వచ్చిందా? తాతగారు అన్నిటికీ "ఆఁ ఆఁ" అంటున్నారా? అప్పుడు "మందు ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో మీ మాటల్లో నాకు చెప్పండి" అని అడిగిస్తాను. తిరిగొచ్చిన జవాబుతో ఇంటర్‌ప్రెటర్ సత్తా తెలిసిపోతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. తెలుగు పరీక్ష పెడితే ఎవరి తెలుగులో పెడతారు? శ్రీకాకుళం పెద్దాయన మాట గుంటూరు ఇంటర్‌ప్రెటర్‌కు అందక మళ్లీ మళ్లీ చెప్పించుకోవడం నేను చూశాను. ఆ ఇంటర్‌ప్రెటర్ చెప్పించుకున్నాడు, అది మంచిది. ఊహించి చెప్పేసేవాళ్లతోనే నాకు టెన్షన్.

ఫ్రిస్కో పిన్ని
నర్సమ్మా, నీ మాట రాసిపెట్టుకున్నాను.

బిడ్డా, నువ్వన్నది కాదనను. అయితే తెలుగు పరీక్ష వచ్చేదాకా తెలుగువాళ్లెవరూ ప్రొఫెషనల్ కాకూడదా? పరీక్ష రాసేవాళ్లు తక్కువమంది ఉన్న భాషకు పరీక్ష తయారుచేయడం ఖర్చని పెట్టరు. పెట్టకపోతే మనవాళ్లు చేరరు, చేరకపోతే ఎప్పటికీ తక్కువమందే. అనువాదకుల వైపు కూడా ఇంతే. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ సర్టిఫికేషన్ పరీక్షలో తెలుగు లేనే లేదు. కాకపోతే అక్కడ ఓటు హక్కున్న సభ్యత్వానికి సర్టిఫికేషన్ లేనివాళ్ల పని రుజువులు చూసి తీసుకునే దారి ఒకటుంది. మా సంఘం ఆ మాత్రం కూడా ఆలోచించలేదు.

కోర్టుపక్షి
పిన్నిగారూ, నా సలహా. కోర్‌సీహెచ్‌ఐ రాయండి. తెలుగుకు రుజువుగా పాత మార్కుల మెమో జతచేసి ఊరుకోకుండా, ఓపీఐ అనే మాట్లాడే పరీక్ష రాసి ఆ స్కోరు తెచ్చుకోండి. అందులో మనిషి మీతో మాట్లాడి స్థాయి ఇస్తాడు. సీసీహెచ్‌ఐ వాళ్లు ఇంగ్లీషులో విని ఇంగ్లీషులోనే తిరిగి చెప్పే పరీక్ష ఒకటి కొత్తగా పెట్టారు, అదీ రాయండి. కత్తిరించే అలవాటుంటే అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత సంఘం డైరెక్టరీలో మీ పేరు పక్కన "భాష ఎలా నిర్ధారించారు" అనే గడి పెట్టమని అడగండి. స్పానిష్ వాళ్లకు పూర్తి పరీక్ష అని ఉంటుంది, మీకు ఓపీఐ అని ఉంటుంది. చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది.

ఓరుగల్లు బిడ్డ
ఆ గడి పెడితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఓపీఐ తెలుగు మాట్లాడటాన్ని కొలుస్తుంది, ఇంగ్లీషుది ఇంగ్లీషును కొలుస్తుంది. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చడాన్ని కొలిచేది ఇప్పటికీ లేదు. రెండు సగాలు కలిపి ఒకటంటే నేను ఒప్పుకోను.

మెల్‌బోర్న్ మావ
ఒప్పుకోకు బాబూ, కానీ ఈలోపు మీ అమ్మమ్మకు మళ్లీ అపాయింట్‌మెంట్ ఉంటే ఎవరిని పిలుస్తావు?

ఓరుగల్లు బిడ్డ
నేనే వెళ్తాను మావా. మనవణ్ని ఇంటర్‌ప్రెటర్‌గా వాడుకోకూడదని హాస్పిటల్ వాళ్లంటారు, పేషెంటే కోరితే తప్ప. అమ్మమ్మ కోరుతుంది.

నైట్‌డ్యూటీ నర్సు
కోరనివ్వండి, కానీ మేం ఇంటర్‌ప్రెటర్‌ని కూడా లైన్లో ఉంచుతాం. మీకు బయాప్సీ గురించి రెండు నిమిషాలు రాదని మీరే రాశారు.