అద్దం ముందు అమ్మాయి: ఆత్మవిశ్వాసం మీద మ్యూజిక్ వీడియో తీసేవాళ్ల చర్చ

తొలిఫ్రేమ్:
పాట 3 నిమిషాల 20 సెకన్లు, 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు). తన మీద తనకే నమ్మకం లేని ఒక అమ్మాయి, చివరికి తేరుకోవడం. మూడు సందేహాలున్నాయి. అద్దం సీన్‌లో కెమెరా కనబడకూడదు. కోరస్ స్లో మోషన్‌లో ఉన్నా పెదాలు పాటతో కలవాలి. ఏడుపు దొంగ ఏడుపులా ఉండకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫోకస్_పుల్లర్:
కెమెరాను అద్దం అంచు దాటేలా పక్కకు జరపండి. అద్దం వెడల్పు లోపల నిలబడితేనే కెమెరాకు తన ప్రతిబింబం కనబడుతుంది, అంచు దాటితే కనబడదు. అందుకే గోడంత అద్దం వద్దు, రెండడుగుల వెడల్పుది చాలు. ఫోకస్ దూరం కూడా జాగ్రత్త: కెమెరా నుంచి అద్దానికి రెండున్నర మీటర్లు, అద్దం నుంచి అమ్మాయికి ఒక మీటరు ఉంటే ఫోకస్ మూడున్నర దగ్గర పెట్టాలి. ఆటోఫోకస్‌ను నమ్మితే అద్దం ఫ్రేమ్‌నో, ఆమె భుజాన్నో పట్టుకుని కూర్చుంటుంది.

అసలు చిక్కు చూపు దగ్గర వస్తుంది. ఆమె నిజంగానే తన కళ్లలోకి తాను చూసుకుంటే, పక్కనున్న కెమెరాకు ఎటో చూస్తున్నట్టు పడుతుంది. లెన్స్ పక్కన బెత్తెడు దూరంలో టేప్ ముక్క అంటించి, అద్దంలో ఆ ముక్కను చూడమనండి. తెర మీద అది తనను తాను చూసుకున్నట్టే ఉంటుంది. వీనస్ ఎఫెక్ట్ అనేది దీన్నే. స్పెయిన్ చిత్రకారుడు వెలాజ్‌క్వెజ్ బొమ్మలో వీనస్ దేవత అద్దంలో తన ముఖమే చూసుకుంటోందని అందరూ అనుకుంటాం. కానీ ఆమె ముఖం మనకు అద్దంలో కనబడుతోందంటే, అదే అద్దంలో ఆమెకు కనబడేది మనమే.

చివరి కోరస్‌లో ఆ చూపును టేప్ మీద నుంచి లెన్స్‌లోకి తెప్పించండి. జరిగేది బెత్తెడే. మీ కథ మలుపు మొత్తం అందులో ఉంది.

శ్రుతి_తాళం:
స్లో మోషన్ లెక్క ఇది. ఎడిట్ 24 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 24 ఫ్రేమ్‌లు) ఉంటే 48లో తీయండి, సెట్‌లో పాటను 200 శాతం వేగంతో వినిపించండి. ఎడిట్‌లో సగం వేగానికి తగ్గాక పెదాలు అసలు పాటతో కలుస్తాయి. మీ 96 బీపీఎం 192 అవుతుంది. సాహిత్యం ఒత్తుగా ఉంటే నోరు తిరగదు, అప్పుడు 36 ఎఫ్‌పీఎస్, 150 శాతం మేలు. 60లో తీస్తే 250 శాతం కావాలి, అంటే 240 బీపీఎం. ఎవరివల్లా కాదు. వేగం పెంచినా శ్రుతి మారకుండా ఎక్స్‌పోర్ట్ చేయండి, లేకపోతే గాయని తన గొంతునే గుర్తుపట్టలేక తడబడుతుంది. ముందు నాలుగు క్లిక్‌లు పెట్టి, నాలుగో క్లిక్ మీద కెమెరాకు కనబడేలా చప్పట్లు కొట్టించండి. స్లో మోషన్ మోడ్‌లో చాలా కెమెరాలు ధ్వనిని రికార్డు చేయవు, ఆ చప్పట్లే దిక్కు.

గొంతెత్తి నిజంగా పాడాలి. పెదాలు మాత్రమే ఆడిస్తే మెడ నరాలు కదలవు, ఊపిరి కనబడదు, చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

లాంగ్ షాట్‌లో ఇంకో సంగతి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, 24 ఎఫ్‌పీఎస్‌లో 14 మీటర్ల దూరానున్న కెమెరా మైక్‌కు పాట ఒక ఫ్రేమ్ ఆలస్యంగా చేరుతుంది. ఎడిట్‌లో వేవ్‌ఫామ్‌లు (ధ్వని గీతలు) కలిసినా పెదాలు తేడా పడతాయి. కంటితో చూసి ఒక ఫ్రేమ్ జరపాలి.

లైట్_బాయ్:
48 ఎఫ్‌పీఎస్‌కు, కరెంటు మనలా 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ 1/100 సెకను దగ్గర ఉంచండి. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/120. లేకపోతే ఎల్ఈడీ లైట్లు ఫ్లికర్ కొడతాయి, ఎడిట్‌లో దాన్ని తీయడం నరకం.

కాటుక:
ఏడుపులో కన్నీటి చుక్క కంటే ముందు కళ్లు, ముక్కు ఎర్రబడాలి. కింది రెప్ప అంచున, ముక్కుపుటాల చుట్టూ ఎర్ర క్రీమ్ పల్చగా అద్దండి. గ్లిజరిన్ చుక్క త్వరగా ఆరదు, టేకు టేకుకీ ఒకేలా నిలుస్తుంది. కానీ దాన్ని చెంప మధ్యలో పెట్టేస్తారు, అక్కడే దొరికిపోతారు. కంటి కొన నుంచే జారాలి. మెంథాల్ స్టిక్ వాడితే కంటికి సెంటీమీటరు కింద, ఎముక మీద మాత్రమే రాయాలి. కాంటాక్ట్ లెన్సులు ముందే తీయించండి. ఏడుపు షాట్లు రోజులో చివర పెట్టుకోండి, ఎరుపు వెంటనే దిగదు.

నల్లగా కారిన కాటుక మాత్రం వద్దు, చూసి చూసి ఉన్నాం. ఏడుపు ఆపుకుంటూ గుటక మింగే క్షణం దానికంటే బలంగా తగులుతుంది.

రంగుల_గది:
ఫోన్‌తో తీస్తుంటే బ్యూటీ మోడ్ ఆపేయండి. ఉన్నట్టే ఉంటాను అని పాడే ముఖం మీద మొటిమ మచ్చ చెరిపేస్తే పాట అబద్ధమవుతుంది. చర్మం మెత్తగా కనబడాలంటే పెద్ద సాఫ్ట్‌బాక్స్ (తెల్ల గుడ్డ కప్పిన లైటు పెట్టె) దగ్గరగా పెట్టండి, మచ్చలు పోవు కానీ కరుకుతనం తగ్గుతుంది. ఇంకో తప్పు గ్రేడింగ్‌లో (ఎడిట్ తర్వాత రంగులు, వెలుగు సరిచేసేటప్పుడు) జరుగుతుంది: బాధలో ముఖం నల్లగా, ధైర్యం వచ్చాక తెల్లగా. ఆ వీడియో ఏం చెబుతున్నట్టు? ఎక్స్‌పోజర్‌ను ఆమె చర్మాన్ని చూసి పెట్టి, పాట పొడుగునా కదపకండి. మారాల్సింది వెనక గోడ వెలుగు, నీడల లోతు.

కథ_ముడి:
పైన చెప్పినదానికి తోడు, మూడో చరణంలో కొత్త బట్టలు, కొత్త జుట్టు పెట్టకండి. అందంగా తయారైతేనే విలువ అన్న అర్థం వస్తుంది. మొదటి చరణం 85 ఎంఎం లెన్స్‌తో దూరం నుంచి తీయండి, ఎవరో దొంగచాటుగా చూస్తున్నట్టుంటుంది. చివరికి 35తో ముప్పావు మీటరు దగ్గరికి వెళ్లండి. అంతకంటే దగ్గరైతే ముక్కు పెద్దదవుతుంది.

ఒకటి తప్పనిసరి. తనను తాను గాయపరుచుకోవడం కథలో ఉంటే వస్తువు, పద్ధతి చూపకూడదు. సినిమా, రంగస్థలంలో పనిచేసేవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లోనూ ఆత్మహత్య దృశ్యాల గురించి ఇలాంటి మాటే ఉంది. బరువు యంత్రం మీద అంకె కూడా ఫ్రేమ్‌లో వద్దు. మెరుపు లైట్లు సెకనుకు మూడుకు మించితే మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం.

తొలిఫ్రేమ్:
చివరి కోరస్ ఒకే షాట్‌లో ఉంచితే చూసేవాళ్లు ఆగుతారా?

ఎడిట్_బల్ల:
96 బీపీఎంకు 24 ఎఫ్‌పీఎస్‌లో ఒక బీట్ 15 ఫ్రేమ్‌లు, నాలుగు బీట్ల బార్ 60. ఎనిమిది బార్లంటే 20 సెకన్లు. మొత్తం ఒకే షాట్ బరువే. నాలుగో బార్ చివర చేతుల క్లోజప్ ఒకటి రెండు బీట్లు వేయండి, కట్ బీట్ మీద కాకుండా రెండు ఫ్రేమ్‌లు ముందు పెట్టండి. చూపు లెన్స్‌లోకి మారేది ఐదో బార్ తర్వాత రావాలి. అక్కడి నుంచి చివరిదాకా కట్ ముట్టుకోవద్దు.