అప్‌డేట్: ‘పాస్’లో కొత్త కీ చేరిస్తే ‘అన్‌యూజబుల్ పబ్లిక్ కీ’ ఎర్రర్ (పరిష్కారమైంది)

కర్నూలులో మా ఆఫీసు సర్వర్ల లాగిన్లు ‘పాస్’లో (పాస్‌వర్డ్‌లను ఎన్‌క్రిప్ట్ చేసి ఫైళ్లుగా దాచే ప్రోగ్రామ్) పెట్టి గిట్‌తో (ఫైళ్ల మార్పులను అందరి కాపీల్లోకీ చేర్చే టూల్) పంచుకుంటామని, కొత్తబ్బాయి పబ్లిక్ కీ (అతను తెరవగలిగేలా ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసేది) చేర్చగానే ఈ ఎర్రర్ వస్తోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కీ మీద నమ్మకం సంగతి చూడమన్న సలహానే పనిచేసింది. కీ ఇంపోర్ట్ అయింది గానీ, అది అతనిదేనని జీపీజీకి (‘పాస్’ ఎన్‌క్రిప్షన్‌కు వాడే ప్రోగ్రామ్) హామీ లేదు. ఫోన్‌లో అతనితో కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే పొడవాటి కోడ్) చదివించుకుని సరిచూసి, ‘ఎల్‌సైన్-కీ’ అనే జీపీజీ కమాండ్‌తో ఆ కీ మీద నా మెషీన్ వరకే చెల్లే సంతకం పెట్టాను. పాస్‌వర్డ్‌లు మార్చే ప్రతివాళ్లూ తమ మెషీన్‌లో ఇది చేసుకోవాలి. తర్వాత ‘పాస్ ఇనిట్’ కమాండ్‌కు పాత, కొత్త కీలన్నీ కలిపి ఇస్తే ఫైళ్లు మళ్లీ ఎన్‌క్రిప్ట్ అయ్యాయి. కొత్తదొక్కటే ఇచ్చారంటే మిగతావాళ్లు బయటే!

జీపీజీ ఏజెంట్ (సీక్రెట్ కీలను చూసుకునే ప్రోగ్రామ్) రీస్టార్ట్, పిన్‌ఎంట్రీ (కీ పాస్‌ఫ్రేజ్ అడిగే విండో) మార్పు దీనికి సంబంధం లేనివి.

ఇంకోటి, మానేసిన మనిషి కీ తీసేసినా, తన దగ్గరున్న గిట్ కాపీలోని పాత ఫైళ్లు తెరవగలడు. అందుకే ఆ పాస్‌వర్డ్‌లన్నీ మారుస్తున్నాం.