ఒకే పడకగది ఉన్న ఇంట్లో మినియేచర్ వార్‌గేమ్‌లు ఎలా ఆడుతున్నారు?

అందరికీ నమస్కారం. మేముండేది హైదరాబాద్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో. చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే ఈ యుద్ధపు ఆటలకు దొరికేది భోజనాల బల్ల ఒక్కటే. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. భవిష్యత్తు యుద్ధాల ఆట వార్‌హామర్ 40,000లో 2,000 పాయింట్ల ఆటకు (సైన్యం ఎంత పెద్దదో పాయింట్లతో లెక్కిస్తారు) 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు కావాలి కనుక ఆ ఆలోచన మానుకున్నాను. అందులోనే కొద్ది బొమ్మలతో ఆడే చిన్న ఆట కిల్ టీమ్ ఈ బల్ల మీద హాయిగా పడుతుంది. కానీ నాకు ఇష్టమైనది బారులు తీరిన సైన్యాలు ఢీకొనే ఆట.

అందుకే ప్రాచీన, మధ్యయుగ యుద్ధాల ఆట డీబీఏ (డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్) వైపు మనసు లాగుతోంది. ఒక్కో పక్షానికి 12 దళాలే. సుమారు 15 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మలతో ఆడితే రెండడుగుల చదరం సరిపోతుంది. కాకతీయులను, దేవగిరి యాదవులను ఏనుగులతో సహా ఎదురెదురుగా నిలబెట్టాలని నా కోరిక.

15 మిల్లీమీటర్లు తీసుకోవాలా, 6 మిల్లీమీటర్లా? దళాన్ని అతికించే అదే పీఠం మీద చిన్న బొమ్మలు ఎక్కువ పడతాయి కాబట్టి నిజమైన సైన్యంలా కనిపిస్తుంది. అయితే అంత చిన్న ఏనుగుకు రంగులు వేసినా ఆ అందం తెలుస్తుందా? రెండూ ఆడినవారి మాట నాకు చాలా విలువైనది.

రాత్రి భోజనానికి బల్ల ఖాళీ చేయాలి. పీఠాల కింద అయస్కాంతాలు అతికించి, ఇనుప రేకు మీద ఆడి, ఆటను మధ్యలో అలాగే ఎత్తి బీరువా మీద పెట్టవచ్చా? బొమ్మలు కదలకుండా ఉంటాయా?

వానాకాలంలో బాల్కనీలో బొమ్మలకు ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలిపూత) స్ప్రే చేస్తే తేమకు పొడిపొడిగా తేలుతుందంటారు. కుంచెతో పూసే ప్రైమర్ వాడుతున్నవారు ఉంటే దయచేసి చెప్పండి.