బోల్టన్ కేర్ హోమ్‌లో కొత్తగా చేరాను, పెద్దవాళ్ల మాటలు అర్థం కావడం లేదు. సలహా కావాలి

కొత్త సభ్యురాలు, బోల్టన్:

అందరికీ నమస్కారం. మాది చీరాల. కేర్ వర్కర్‌గా ఇంగ్లండ్‌కి వచ్చి మూడు నెలలైంది. ఐఎల్టీఎస్‌లో మంచి మార్కులే వచ్చాయి కానీ ఇక్కడి ఇంగ్లీషు వేరే భాషలా ఉంది. మా హోమ్‌లో ఎనభై ఏడేళ్ల ఒకావిడ ఉన్నారు. "నౌట్" అంటారు, "ఔట్" అంటారు. సాయంత్రం "టీ ఎప్పుడు" అని అడిగితే గబగబా టీ కలిపి ఇచ్చాను. ఆవిడ అడిగింది భోజనం గురించట. ఒక్కోసారి గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం బాగా పెద్దగా తిప్పుతూ ఏదో చెబుతారు. ఆరోగ్యం బాగోలేదేమోనని నర్సును పిలిచాను, ఏమీ లేదన్నారు. హాల్లో అందరూ కలిసి పాత టీవీ ప్రోగ్రాముల గురించి చెప్పుకుని నవ్వుకుంటుంటే నేను ఊరికే నిలబడి చూస్తుంటాను. డ్యూటీకి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంటోంది. ఎలా నేర్చుకోవాలో చెప్పగలరా?

సభ్యుడు, మాంచెస్టర్:

యాక్సెంట్ నేర్పే వీడియోలు బోలెడు ఉన్నాయమ్మా. నేను ఐటీలో చేరినప్పుడు వాటితోనే నెట్టుకొచ్చాను. ఆరు నెలల్లో అలవాటైపోతుంది, కంగారుపడకు.

సభ్యురాలు, బరీ (నర్సు, 2003 నుంచి ఇక్కడే):

తమ్ముడు చెప్పింది ఆఫీసుకు సరిపోతుంది. నీకు సరిపోదు చెల్లీ. ఆ వీడియోల్లో ఎక్కువగా నేర్పేది ప్రామాణిక ఇంగ్లీషు. నువ్వు చూసుకుంటున్నవాళ్లు లాంకషైర్ కాటన్ మిల్లు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల మాట తెలియాలంటే వాళ్లు చూస్తూ పెరిగిన టీవీ చూడాలి. అదృష్టం కొద్దీ అందులో చాలా భాగం ఇప్పుడు యూట్యూబ్‌లోనే దొరుకుతుంది.

ముందు నీ భయం ఒకటి తీరుస్తాను. ఆవిడ పెదాలు తిప్పడం జబ్బు కాదు. ఆవిడ కాటన్ మిల్లులో పనిచేశారేమో అడుగు. వందల మరమగ్గాలు ఒకే షెడ్డులో ఆడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని ఆడవాళ్లు పెదాల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకునేవారు. దాన్ని ఇక్కడ "మీ-మా" అంటారు. మిల్లులు మూతపడినా ఆ అలవాటు చాలామందికి పోలేదు. నాకూ మొదట్లో ఇది తెలియదు. మిల్లు పనివాళ్ల మీద తీసిన ఒక పాత డాక్యుమెంటరీ చూస్తుంటే ఒక్కసారిగా అర్థమైంది, మా వార్డులో ఒక పెద్దావిడ నాతో అన్నాళ్లూ ఏం చేస్తున్నారో.

నువ్వు బోల్టన్‌లో ఉన్నావు కాబట్టి ఫ్రెడ్ డిబ్నాతో మొదలుపెట్టు. ఆయనది మీ ఊరే. ఎత్తైన పొగగొట్టాలు ఎక్కి రిపేరు చేయడం, పాడైపోయినవాటిని కూల్చడం ఆయన పని. 1978లో బోల్టన్ టౌన్ హాల్ గడియారం గోపురం మీద పనిచేస్తుంటే టీవీవాళ్లు వచ్చి పలకరించారు. 1979లో బీబీసీ ఆయన మీద డాక్యుమెంటరీ తీసింది. అక్కడినుంచి దేశమంతా ఎరిగిన మనిషైపోయాడు. 2004లో పోయాడు. నేను వచ్చిన మరుసటి ఏడాది అది, మా వార్డులో ఆ రోజంతా ఆయన మాటే. ఊరి మధ్యలో ఆయన విగ్రహం ఉంది, బస్సు దిగి చూడు.

పొగగొట్టం కూల్చే క్లిప్పు ఒకటి తప్పకుండా చూడు. డైనమైట్ వాడడు. అడుగున ఇటుకలు కొద్దికొద్దిగా తొలుస్తూ, ఆ ఖాళీలో చెక్క దిమ్మెలు ఊతంగా పెడతాడు. సగానికి పైగా తొలిచాక ఆ చెక్కల చుట్టూ మంట వేస్తాడు. చెక్కలు కాలిపోతుంటే ఇటుకల్లో సన్నటి పగులు పైకి పాకుతుంది. నెత్తిమీద టోపీతో ఆయన అక్కడే నిలబడి హారన్ మోగిస్తాడు, చివరి క్షణంలో పరుగెత్తుతాడు. అంత పొడుగు గొట్టం, చెట్టు ఒరిగినట్టు ఒరిగి, ఆయన చెప్పిన చోటే పడుతుంది. ఆ తర్వాత జనం వైపు తిరిగి "డిడ్ యూ లైక్ దట్?" అంటాడు. ఆ యాస విను. నీ హోమ్‌లో వినిపించేది అచ్చంగా అదే.

వినే పద్ధతి కూడా చెబుతాను. మొదటిసారి వేగం 0.75కి తగ్గించి విను. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌ను నమ్మకు, ఈ యాసను అవి తప్పుగా రాస్తాయి. మాట పట్టుబడ్డాక మామూలు వేగంతో రెండోసారి చూడు. రోజుకు పది నిమిషాలు చాలు. నౌట్ అంటే ఏమీ లేదు, ఔట్ అంటే ఏదైనా, బ్రూ అంటే మనం తాగే టీ, డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం, గినెల్ అంటే ఇళ్ల మధ్య సందు. వీటిని జాబితాలా బట్టీపడితే నిలవవు. ఒక మనిషి నోట విన్నప్పుడు నిలుస్తాయి.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే మిచెల్ అండ్ కెన్యన్ అని వెతుకు. బ్లాక్‌బర్న్‌కు చెందిన ఈ ఇద్దరూ 1900 ప్రాంతంలో మిల్లు గేటు దగ్గర కెమెరా పెట్టి, షిఫ్టు వదిలాక బయటికొచ్చే జనాన్ని తీశారు. ఆ నెగెటివ్‌లు 1994లో ఒక షాపు నేలమాళిగలో డబ్బాల్లో బయటపడ్డాయి, దాదాపు 800. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాటిని బాగుచేసింది. శాలువాలు కప్పుకున్న ఆడవాళ్లు, కెమెరాను చూసి ఎగిరే పిల్లలు కనిపిస్తారు. నీ దగ్గరున్న పెద్దవాళ్లకు వాళ్లు అమ్మమ్మల తరం.

సీరియళ్లలో కరోనేషన్ స్ట్రీట్ గురించి తెలిసుండాలి. 1960 డిసెంబరులో మొదలై ఇప్పటికీ నడుస్తోంది, అందులో చూపించేది మన పక్కనున్న సాల్ఫర్డ్ ఊరి వీధుల్లాంటి వీధినే. నవ్వుకోవడానికి మోర్కమ్ అండ్ వైజ్, డాడ్స్ ఆర్మీ. ఎవరైనా చెప్పిన ఎపిసోడ్ ఎంత వెతికినా దొరక్కపోతే నీ తప్పు కాదు. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదు ఎక్కువ, చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. డాడ్స్ ఆర్మీలోనే మూడు ఎపిసోడ్లు ఇప్పటికీ లేవు. డాక్టర్ హూ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ పాత ఎపిసోడ్లు తొమ్మిది 2013లో నైజీరియాలో దొరికినప్పుడు ఇక్కడివాళ్లకు పండగే అయింది.

ఒక జాగ్రత్త. బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో అని 1958 నుంచి 1978 దాకా నడిచింది. తెల్లవాళ్లు ముఖానికి నల్ల రంగు పూసుకుని పాడతారు. ఎవరైనా అది పెట్టమని అడగవచ్చు. వాళ్లకది చిన్ననాటి పాటలే, కానీ మనకు, ఆఫ్రికా నుంచి వచ్చిన తోటి ఉద్యోగులకు మనసు నొచ్చుకునేది. నువ్వు పెట్టాల్సిన పని లేదు, మేనేజరుతో చెప్పు. ఊరుకోవడం మర్యాద అనుకోకు.

సభ్యుడు, లెస్టర్:

అక్కా, మనవాళ్ల కోసం తీసినది కూడా చెప్పండి. 1965లో బీబీసీ "అప్నా హీ ఘర్ సమఝియే" అని మొదలుపెట్టింది, 1968 నుంచి "నయీ జిందగీ నయా జీవన్" అయింది, 1982 దాకా నడిచింది. బర్మింగ్‌హామ్‌లో తయారయ్యేది, హిందీ-ఉర్దూలో. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లీషు, ఇక్కడి పద్ధతులు నేర్పేవారు, మధ్యలో పాటలు, సంగీతం ఉండేవి. కొన్ని క్లిప్పులు దొరుకుతాయి. మనం ఈ రోజు ఈ గ్రూపులో అడిగే ప్రశ్నలే అప్పుడు వాళ్లూ అడిగారు.

ఇంకోటి. రూముకు టీవీ లైసెన్స్ (ఇక్కడ టీవీ చూడటానికి కట్టే రుసుము) ఉత్తరం వస్తుంది, హడలిపోకు. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూడటానికి లైసెన్స్ అక్కర్లేదు. లైవ్ టీవీ ఎందులో చూసినా, బీబీసీ ఐప్లేయర్ వాడినా మాత్రం కావాలి.

సభ్యురాలు, బరీ:

మంచి మాట గుర్తుచేశారు. చెల్లీ, బీబీసీ ఆర్కైవ్, పాత న్యూస్‌రీళ్లు పెట్టే బ్రిటిష్ పాథే, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సొంత ఛానళ్లలోనే చూడు. వేరేవాళ్లు పెట్టినవాటిలో సగం కత్తిరించి, గొంతు మార్చేసి ఉంటాయి. హోమ్‌లో పెట్టే ముందు యాక్టివిటీస్ చూసేవాళ్లను అడుగు. వాళ్లు చూస్తూ మురిసిపోతున్నప్పుడు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకు, ఉద్యోగానికే ముప్పు.

కొత్త సభ్యురాలు, బోల్టన్ (పది రోజుల తర్వాత):

అక్కా, మీరు చెప్పింది నిజమే. ఆవిడ పదిహేనో ఏట మిల్లులో చేరారట. మేనేజరును అడిగి, టిఫిన్ అయ్యాక నా ట్యాబ్‌లో మరమగ్గాల క్లిప్పు పెట్టాను. ఆ మోత వినపడగానే నా చెయ్యి పట్టుకుని పెదాలతో ఏదో చెప్పడం మొదలుపెట్టారు. ఈసారి నేను పెదాల వైపే చూశాను. "టూ లౌడ్" అంటున్నారు. సౌండ్ తగ్గిస్తే ఒప్పుకోలేదు, పెంచమన్నారు.

మాది చేనేత ఇల్లే. లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి మన మగ్గాల పొట్ట కొట్టిందని మా తాత చెబుతుంటే వింటూ పెరిగాను. అందుకే ముందు మనసొప్పలేదు. కానీ ఆ పదిహేనేళ్ల పిల్లకు ఏం తెలుసు, ఆమెకూ అది కూలి పనే కదా అనిపించింది. మా నాయనమ్మ గుంట మగ్గం మీద నేస్తున్న వీడియో నా ఫోన్‌లో ఉంటే చూపించాను. తాడు లాగగానే నాడె (పేక నూలు మోసే షటిల్) ఈ చివర నుంచి ఆ చివరకు ఎగురుతుంది కదా, అక్కడ ఆపమన్నారు. ఆ తాడు నాడెను కనిపెట్టింది బరీకి చెందిన జాన్ కే అట, 1733లో. చిన్నప్పుడు బడిలో చెప్పారట. అక్కా, మీరుండే ఊరే!

తర్వాత దుప్పటి అంచు వేళ్లతో తడుముతూ, పడుగు ఇది, పేక ఇది అని వాళ్ల మాటల్లో నాకు నేర్పారు. నిలువు పోగు వార్ప్, అడ్డం పోగు వెఫ్ట్. మా మాటలు కూడా చెప్పమన్నారు. "పేక" బాగానే వచ్చింది, "పడుగు" దగ్గర నాలుక తిరగలేదు. నిన్న డ్యూటీ దిగుతుంటే దూరం నుంచి పెదాలతోనే మళ్లీ అన్నారు. ఈసారి సరిగ్గానే ఉన్నట్టుంది.